జెండా ఎవరికి, జనం ఎవరికి?

సినీ ప్రముఖుల మరణాలకూ, విధి నిర్వహణలో పోయిన సైనికుల మరణాలకూ దక్కే గౌరవం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి పలువురు అడిగిన చోట కలిపేశాం.

ప్రశ్న: హీరో పోతే టీవీల్లో మూడు రోజులు అదే. సరిహద్దులో జవాను పోతే కింద స్క్రోలింగ్‌లో ఒక లైను. సిగ్గుపడాల్సింది మనమా, మీడియానా?
— డిగ్రీ విద్యార్థి, నల్గొండ

సిగ్గు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది ఎలా జరుగుతుందో చూడండి.

2020 జూన్ 14న ముంబైలో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణించారు. మర్నాడు రాత్రి గల్వాన్ లోయలో చైనా బలగాలతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలు విడిచారు. వారిలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. 16వ తేదీన సైన్యం మొదట ఒక అధికారి, ఇద్దరు జవాన్లు చనిపోయారని ప్రకటించింది. తీవ్రంగా గాయపడి గడ్డకట్టే చలిలో ఉండిపోయిన మరో 17 మంది కూడా దక్కలేదని ఆ రాత్రికి తెలిసింది. పేర్లన్నీ బయటికి వచ్చేసరికి 17వ తేదీ. కుటుంబానికి కబురు చేరాకే పేరు బయటపెట్టడం సైన్యంలో పద్ధతి. అది ఉండాల్సిన పద్ధతే. కానీ అందాకా టీవీవాళ్లకు చూపించడానికి ముఖం ఉండదు. పటం మీద బాణం గుర్తులు తిప్పుకుంటూ కూర్చోవాలి. నటుడి విషయంలో అయితే మరణవార్త వచ్చిన నిమిషానికే పాటలు, పాత ఇంటర్వ్యూలు, చిన్నప్పటి ఫొటోలు సిద్ధంగా ఉంటాయి. ఇల్లు నగరం మధ్యలోనే ఉంటుంది, కెమెరా అరగంటలో చేరుతుంది.

రెండో కారణం చూసేవాళ్లలో ఉంది. తెర మీది మనిషితో మనకు ఏకపక్షంగా పరిచయం పెరుగుతుందని 1956లోనే డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు రాశారు. ఆయనకు మనం తెలియదు, మనకు మాత్రం ఆయన నవ్వు, నడక, గొంతు అన్నీ తెలుసు. ఇరవై ఏళ్లు చూసిన మనిషి పోతే, ఆ ఇరవై ఏళ్ల మన జీవితం కూడా గుర్తొస్తుంది. జవాను అలా కాదు, పోయాకే మనకు పరిచయమవుతాడు. మనం చూసే మొదటి ఫొటో యూనిఫాంలో దిగిన పాస్‌పోర్టు సైజుది.

కాబట్టి అభిమాని ఏడ్చినందుకు తప్పు పట్టలేం. కన్నీళ్లు కోటా ప్రకారం రావు. మీడియాకు మాత్రం మినహాయింపు లేదు. ఒక మరణం మీద నెలల తరబడి చర్చలు నడిపిన ఛానళ్లు, ఆ 20 ఇళ్లలో ఒక్క ఇంటికైనా ఆరు నెలల తర్వాత వెళ్లి పింఛను కాగితాలు ఎంతవరకు వచ్చాయో అడగవచ్చు. దానికి ఏ రహస్యమూ అడ్డు రాదు.

ప్రశ్న: నటులకు ప్రభుత్వ లాంఛనాలు ఏ నిబంధన కింద ఇస్తారు? పద్మ అవార్డు ఉంటే హక్కుగా వస్తాయా? భౌతికకాయం మీద జాతీయ జెండా కప్పడం నేరం కాదా?
— న్యాయవాది, రాజమహేంద్రవరం

అవార్డుతో హక్కేమీ రాదు. ఎవరికి లాంఛనాలు ఇవ్వాలో రాష్ట్ర ప్రభుత్వం, అంటే వాస్తవంలో ముఖ్యమంత్రి నిర్ణయిస్తారు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవికి మహారాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది అలాగే. 2020 సెప్టెంబరులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి తమిళనాడు, 2022 నవంబరులో ఘట్టమనేని కృష్ణకు తెలంగాణ ఇచ్చినవీ అలాంటి నిర్ణయాలే. లిఖిత కొలమానం లేదు గనుక ప్రతిసారీ ‘ఈయనకెందుకు, ఆయనకెందుకు కాదు’ అన్న వాదన లేస్తుంది. లేవడం సహజమే.

జెండా విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971 ప్రకారం ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలు, సాయుధ దళాలు, పారామిలటరీ దళాల అంత్యక్రియలు తప్ప మరెక్కడా జెండాను కప్పే వస్త్రంగా వాడకూడదు. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే ప్రభుత్వం లాంఛనాలు ప్రకటించిన నటుడి మీద జెండా కప్పడం చట్టబద్ధమే. ప్రకటించని మనిషి మీద అభిమాన సంఘం తనంతట తాను కప్పితే నేరం. పార్టీ జెండానో, సంఘం జెండానో కప్పుకోవచ్చు, దాన్నెవరూ అడ్డుకోరు.

ఇదే నియమం మాజీ సైనికుల ఇళ్లలో కూడా తెలియక తప్పుతుంటారు. రిటైరై ఇంట్లో సహజంగా మరణించిన వ్యక్తి మీద కుటుంబం బజార్లో జెండా కొనుక్కొచ్చి కప్పకూడదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంటనే ఫోన్ చేసి, సైనిక లాంఛనాలకు వీలుందో లేదో అడగండి.

జెండా అవనతం, అంటే సంతాపంగా సగానికి దించడం, సంగతి వేరు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని మరణిస్తే దేశమంతటా దించుతారు. గవర్నర్, ముఖ్యమంత్రి అయితే ఆ రాష్ట్రమంతటా. ఫ్లాగ్ కోడ్ (జెండా నియమావళి) జాబితాలో లేనివారికి కేంద్రం ప్రత్యేకంగా ఆదేశించాలి. 2022 ఫిబ్రవరిలో లతా మంగేష్కర్‌కు రెండు రోజుల జాతీయ సంతాపం అలా వచ్చింది. 2008 జూన్‌లో ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా పోయినప్పుడు అలాంటి ఆదేశం రాలేదు. కేంద్రం తరఫున రక్షణశాఖ సహాయమంత్రి పళ్లంరాజు వెళ్లారంతే. 1971 యుద్ధాన్ని గెలిపించిన సైన్యాధిపతికి ఇది చాలా తక్కువ. జాబితాలో పేరు లేదన్నది సాకుగానే మిగిలింది. తొమ్మిదేళ్ల తర్వాత వైమానిక దళ మార్షల్ అర్జన్ సింగ్ మరణించినప్పుడు ఢిల్లీలో జెండాలు దిగాయి. రూల్ మారలేదు, ఆదేశం ఇచ్చేవాళ్లు ఇచ్చారు.

ప్రశ్న: మా ఊరి జవాను పార్థివ దేహం రేపు వస్తోంది. ఇలాంటివి మాకు కొత్త. పంచాయతీ తరఫున ఏమేం చూసుకోవాలి?
— సర్పంచి, ప్రకాశం జిల్లా

ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా ఆ కార్యక్రమం అయిపోయి ఉంటుంది. మరో ఊరికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

మొదట చేయాల్సింది, మాట్లాడటానికి ఒక్క మనిషిని పెట్టడం. సైన్యం నుంచి భౌతికకాయంతో పాటు ఒక అధికారో, జేసీవోనో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) వస్తారు. కలెక్టరేట్, పోలీసు, సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి కూడా ఫోన్లు వస్తాయి. అందరూ అయిదారుగురికి చేసి ఒక్కో టైము వింటే, ఊరు పొద్దున్నుంచి ఎండలో నిలబడి సాయంత్రానికి అలిసిపోతుంది. రాక ఆలస్యం కావడం మామూలే. 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ సాయితేజ విషయంలో డీఎన్‌ఏ గుర్తింపు పూర్తయ్యాకే పంపారు. అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడకు చేరేసరికి 12వ తేదీ అయింది. అలాంటప్పుడు టైమును గంటల్లో చెప్పకండి, బయల్దేరాక చెబుతామనండి.

దారి చూడండి. వచ్చేది సైన్యం ట్రక్కు. ఊళ్లోకి వచ్చే రోడ్డు మీద వేలాడే కరెంటు, కేబుల్ తీగలు, అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ తాళ్లు ముందురోజే తీయించాలి. ట్రక్కు తిరిగి వెళ్లడానికి మలుపు కావాలి. శ్మశానం దారి సందుగా ఉంటే అక్కడి నుంచి భుజాల మీద మోస్తారు, ఆ సంగతి వచ్చే అధికారికి చెప్పి పెట్టండి. సాయంత్రం దాటుతుందనుకుంటే జనరేటర్, లైట్లు కావాలి. తాగే నీళ్లు, ఒక 108 వాహనం దగ్గర్లో ఉండాలి.

పెట్టె తెరవడం గురించి. ఇది అన్నిటికంటే కష్టమైన విషయం. కొన్నిసార్లు సీలు వేసి పంపుతారు, ముఖం చూపించే స్థితి ఉండదు. ఆ మాట తల్లికి, భార్యకు జనం మధ్యలో తెలియకూడదు. వెంట వచ్చిన అధికారిని ముందే అడిగి, ఇంట్లో పెద్దవాళ్లొకరు నెమ్మదిగా చెప్పాలి. తెరవొద్దన్న పెట్టెను తెరవమని ఊరివాళ్లు పట్టుబట్టకూడదు. చూపించగలిగితే, ముందు ఇంటివాళ్లకు ఒక పావుగంట తలుపులు వేసి ఇవ్వండి. కెమెరాలు, నాయకులు ఆ తర్వాత. దింపుడు కళ్లం వంటి ఆచారాలుంటే ఎక్కడ ఆగాలో బయల్దేరక ముందే చెబితే, వాళ్లు దానికి తగ్గట్టు నడిపించుకుంటారు.

శ్మశానంలో చితికి ఒక పక్క సైనిక బృందం వరుసగా నిలబడి కాల్చడానికి ఖాళీ జాగా ఉంచాలి, వాళ్ల ముందు ఎవరూ ఉండకూడదు. ఉత్త తూటాలే అయినా చప్పుడు పెద్దగా ఉంటుంది. పశువులను దూరంగా కట్టేయించండి, పిల్లలు ఖాళీ తూటా తొడుగుల కోసం ఎగబడకుండా చూడండి. బ్యూగిల్ (సైనిక బాకా) మోగేటప్పుడు నినాదాలు ఆపాలని మైకులో ఒకసారి చెబితే చాలు. పుష్పగుచ్ఛాలు పెట్టడానికి పాదాల వైపు ఒక బల్ల వేయండి. లేకపోతే అందరూ దండలు జెండా మీదే పడేస్తారు.

జెండాలో కాషాయం రంగు తల వైపు ఉండాలి. చితికి నిప్పు పెట్టకముందు, ఖననమైతే గోతిలోకి దించకముందు జెండాను తీసేయాలి. అది కాలకూడదు, మట్టిలోకి పోకూడదు. సైనిక బృందమే తీసి మడుస్తుంది, ఆ సమయంలో చుట్టూ నాలుగడుగుల జాగా ఇస్తే చాలు. మడిచే తీరు ఇదీ. జెండాను అడ్డంగా పరిచి, కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడుస్తారు. తర్వాత రెండు కొసలనూ మధ్యకు తెస్తారు. చివరికి పైన అశోక చక్రం, అంచుల్లో కాస్త కాషాయం, కాస్త పచ్చ మాత్రమే కనిపిస్తాయి. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని దగ్గరి బంధువుకు ఇస్తారు. ఎవరు అందుకోవాలో ఇంట్లో ముందే తేల్చుకోండి. భార్యా, తల్లా అన్న మాట ఆ నిమిషంలో వస్తే చూడటానికి చాలా బాధగా ఉంటుంది.

ఊరేగింపులో పంచిన చిన్న జెండాలు మర్నాడు కాలవల్లో కనిపిస్తాయి. పంచిన వాళ్లే ఏరించి, చాటుగా గౌరవంగా నాశనం చేయాలని ఫ్లాగ్ కోడ్ చెబుతోంది. డీజే పెట్టవద్దని మేం వేరే చెప్పాలా?

ప్రశ్న: ఒక జవాను కుటుంబానికి అయిదు కోట్లు, మరొకరికి పది లక్షలు. ప్రాణాల్లో తేడా ఉందా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కరీంనగర్

మీరన్న అంకెలు గల్వాన్ తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇచ్చినవి. సంతోష్ బాబు కుటుంబానికి 5 కోట్లు, మిగిలిన 19 కుటుంబాలకు తలా 10 లక్షలు. ఆయన తెలంగాణ వారు, తక్కినవారు ఇతర రాష్ట్రాల వారు. ఇతర రాష్ట్రాల కుటుంబాలకు కూడా ఇవ్వడం నిజానికి అరుదు. రాష్ట్రాలిచ్చేది వాటి విచక్షణ. సాయితేజ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ఇచ్చింది 50 లక్షలు. పేపర్లో పడేది ఈ మొత్తమే గనుక అదే అంతా అనుకుంటాం.

కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియాకు మాత్రం శ్రేణులున్నాయి. 2016 జనవరి 1 నుంచి అమలైన లెక్క ప్రకారం విధి నిర్వహణలో ప్రమాదం వల్లగానీ, ఉగ్రవాదులు, సంఘవిద్రోహుల హింస వల్లగానీ మరణిస్తే 25 లక్షలు. సరిహద్దు ఘర్షణల్లో, మిలిటెంట్ల మీద చర్యల్లో, నిర్దేశిత ఎత్తైన పోస్టుల్లో విధుల్లో ఉండగా అయితే 35 లక్షలు. యుద్ధంలో శత్రు చర్య వల్ల అయితే 45 లక్షలు.

దీర్ఘకాలంలో అసలు తేడా తెచ్చేది పింఛను. మరణాన్ని ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’ (పోరులో మరణం)గా నమోదు చేస్తే భార్యకు ఉదారీకృత కుటుంబ పింఛను వస్తుంది, అంటే చివరి జీతం మొత్తంతో సమానం. విధి వల్లే జరిగినా ఆ కోవలోకి రాకపోతే ప్రత్యేక కుటుంబ పింఛను, జీతంలో 60 శాతం. విధులతో సంబంధం లేదని తేలితే మామూలు కుటుంబ పింఛను 30 శాతమే, మొదట్లో కొన్నేళ్లు పెంచిన రేటుతో. కాబట్టి ఎక్కడ, ఏ పనిలో, ఏ కారణంతో మరణం జరిగిందన్న యూనిట్ నివేదికలోని ఆ నాలుగు వాక్యాలే ఇంటికి ముప్పై, నలభై ఏళ్ల అన్నం. నివేదిక ప్రతి అడిగి తీసుకోవాలి. వర్గీకరణ తప్పనిపిస్తే రికార్డ్ ఆఫీసుకు రాతపూర్వకంగా అప్పీలు చేయాలి, అక్కడా తేలకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది.

అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకు చేరే అగ్నివీరులది వేరే లెక్క. 48 లక్షల బీమా, విధి వల్ల మరణిస్తే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి పూర్తి జీతం, సేవానిధి (జీతంలోంచి కోసిన సొమ్ము, ప్రభుత్వ వాటా కలిసిన నిధి). నెలనెలా కుటుంబ పింఛను మాత్రం లేదు. అదే బంకర్లో అదే గుండుకు పోయిన ఇద్దరి ఇళ్లలో ఒకరికి జీవితాంతం జీతమంత పింఛను, ఇంకొకరికి ఒక్కసారి సొమ్ము. మీ ప్రశ్నకు అసలైన ఉదాహరణ ఇదే. దీన్ని సమర్థించడం మాకు చేతకావడం లేదు.

కాగితాల్లో ఎక్కువగా ఇరుక్కునేది పేర్ల దగ్గర. సర్వీసు రికార్డులో భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. పెళ్లి అయినట్టు యూనిట్‌లో నమోదే కాకపోవడం ఇంకో చిక్కు. బీమాలో నామినీగా పెళ్లికి ముందు రాసిన తల్లి పేరే ఉండిపోతుంది. సర్వీసులో ఉన్న ప్రతి జవానూ సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఈ మూడూ సరిచూసుకోవాలి. ఒరిజినల్ పత్రాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, ధ్రువీకరించిన నకళ్లు చాలు.

విరాళం ఇవ్వదలచినవారికి ఒక మాట. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్లను నమ్మవద్దు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర దళాల వారికి ‘భారత్ కే వీర్’ పోర్టల్ ఉంది. అందులో ఒక్కో అమరుడి ఖాతాలో 15 లక్షల వరకే జమ అవుతుంది, ఆపై ఆగిపోతుంది. మూడు సైనిక దళాల వారికి ‘మా భారతీ కే సపూత్’ వెబ్‌సైట్ ద్వారా సంక్షేమ నిధికి పంపవచ్చు.

ప్రశ్న: మా సెంటర్లో జవాను విగ్రహం పెడదామంటే అధికారులు ఒప్పుకోవడం లేదు. సినిమా వాళ్ల విగ్రహాలకు లేని అడ్డు మాకేనా?
— యువజన సంఘం, ఏలూరు జిల్లా

రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. అది అందరికీ వర్తిస్తుంది. కళ్ల ముందు ఉల్లంఘనలు చాలానే ఉన్నాయి, నిజమే. అయినా రేపు రోడ్డు వెడల్పులో జవాను విగ్రహాన్ని క్రేన్‌తో లేపాల్సి రావడం కంటే, ఆయన చదివిన బడి ఆవరణలో అనుమతి తీసుకుని పెట్టడం మంచిది.

విగ్రహం కంటే ఫలకం మీద శ్రద్ధ పెట్టండి. ఆర్మీ నంబరు, హోదా, పేరు, యూనిట్, మరణించిన చోటు, తేదీ ఉండాలి. ఇవన్నీ సైనిక సంక్షేమ కార్యాలయంతో సరిచూసుకున్నాకే చెక్కించాలి. లాన్స్ నాయక్‌ను నాయక్ చేయడం, శిల్పి పోలీసు టోపీ పెట్టేయడం, రాని పతకం ఛాతీ మీద పెట్టడం తరచూ జరిగే తప్పులు. ఎందుకంటే శిల్పికి ఇచ్చేది వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటో. ఆవిష్కర్తల పేర్లు జవాను పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండనవసరం లేదు.

ప్రశ్న: అభిమాన సంఘాలను అందరూ తిడతారు. మా హీరోకు వీడ్కోలు చెప్పే పద్ధతి ఏదైనా ఉందా?
— అభిమాన సంఘ కార్యదర్శి, విజయవాడ

ఉంది. బెంగళూరులోనే రెండు రకాలూ జరిగాయి. 2006 ఏప్రిల్‌లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ మరణించినప్పుడు భౌతికకాయం ఎక్కడ ఉంచుతారో, ఎప్పుడు చూడనిస్తారో జనానికి స్పష్టత లేకుండా పోయింది. అల్లర్లు, పోలీసు కాల్పులు జరిగి, ఒక కానిస్టేబుల్‌తో సహా పలువురు చనిపోయారు. 2021 అక్టోబరులో ఆయన కుమారుడు పునీత్ పోయినప్పుడు అంతకు తగ్గని జనమే వచ్చారు. ఈసారి కంఠీరవ స్టేడియంలో సందర్శనకు ఉంచారు, మద్యం అమ్మకాలు ఆపారు, ఖననం ఒకరోజు వాయిదా వేసి అందరికీ చూసే వ్యవధి ఇచ్చారు. పునీత్ కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. ఆ తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి జనం బారులు తీరారు. మీ సంఘం చేయాల్సిందల్లా క్యూలో వలంటీర్లను పెట్టడం, బస్సు టాపుల మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకపోవడం, నేత్రదానం ఫారాలు చేతిలో ఉంచుకోవడం.

ప్రశ్న: 1971 యుద్ధంలో పోయిన మా పెదనాన్న పేరు ఎక్కడైనా రాసి ఉంటుందా? మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ముత్తాతది?
— గృహిణి, శ్రీకాకుళం

మీ పెదనాన్నగారి పేరు ఢిల్లీలో ఇండియా గేట్ పక్కనున్న జాతీయ యుద్ధ స్మారకంలో ఉండాలి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైనప్పుడు స్వాతంత్ర్యం తర్వాత అమరులైన 25,942 మంది పేర్లు గ్రానైట్ పలకల మీద బంగారు అక్షరాల్లో చెక్కారు. నాలుగు వలయాల్లో ‘త్యాగ చక్ర’ అనే వలయంలో వెతకాలి. ముందే వెబ్‌సైట్లో పేరు, యూనిట్ చూసి వెళితే గోడల మధ్య తిరిగే పని తప్పుతుంది. కుటుంబ సభ్యులతో పుష్పగుచ్ఛం పెట్టించే కార్యక్రమం అక్కడ సాయంత్రం పూట ఉంటుంది. వెళ్లేముందు స్మారకం వారికి రాసి అడగండి. పోలీసుల పేర్లయితే చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకంలో ఉంటాయి.

ముత్తాతగారి కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో వెతకండి, ఉచితమే. ఆనాటి గుమాస్తాలు తెలుగు పేర్లను చెవికి వినిపించినట్టు ఇంగ్లిష్‌లో రాసేశారు గనుక ఒక్క స్పెల్లింగ్‌తో ఆగవద్దు. అప్పన్నను మూడు నాలుగు రకాలుగా రాసి చూడాలి, ఇంటిపేరు వదిలేయాలి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. అప్పటికి మీ ప్రాంతం గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేది, శ్రీకాకుళం అని వెతికితే దొరకదు.